శ్రీమతి పెంబర్రో, పోర్త్‌గ్వెన్

కవరు మీద రాసి ఉన్నది అంతే. "శ్రీమతి పెంబర్రో, పోర్త్‌గ్వెన్." పైన సైన్యం ముద్ర.

లవ్‌డే ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూసింది. పోస్ట్‌మాన్ ఫ్రాన్స్‌లో యుద్ధానికి పోయినప్పటి నుంచి టపా సంచి ఆమె భుజానికి ఎక్కింది. ఇలాంటి కవరు ఈ ఊరికి రావడం ఇదే మొదలు. అందులో ఏముంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరింటికి వచ్చిందన్నదే తెలియడం లేదు.

పోర్త్‌గ్వెన్‌లో ఉన్నవి నలభై ఇళ్లు. అన్నిటికీ ఇంటిపేరు పెంబర్రోనే. మూడు వందల ఏళ్ల కిందట పగిలిన ఓడలోంచి ఒకడు ఈ ఒడ్డుకు కొట్టుకొచ్చాడట. ఇక్కడి పిల్లనే చేసుకున్నాడట. ఏడుగురు కొడుకుల్ని కన్నాడు. ఆ పేరు మళ్లీ కొండ దాటింది లేదు. లండన్ మొత్తం వెతికినా ఒక్క పెంబర్రో దొరకడని బడిపంతులు గొప్పగా చెబుతాడు. అవతలి ఊరి సంతలో చెబితే రెండోసారి అడుగుతారు. ఇక్కడ మాత్రం ఆ పేరు పెట్టి కేకేస్తే నలభై తలుపులూ తెరుచుకుంటాయి. అందుకే తలా ఒక కొసరు పేరు. వలలవాళ్లు, పీతలవాళ్లు, మెట్లవాళ్లు.

పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం ఊరి రివాజు. అలా ఒకే ఈడు విలియమ్ పెంబర్రోలు అయిదుగురు తేలారు. అయిదుగురూ ఒకే రోజు సైన్యంలో చేరారు. "ఏంట్రా, నాతో ఆటలాడుతున్నారా?" అన్నాడట పేర్లు రాసుకునే ఆఫీసరు. పై ఊరివాడి ముందు 'పీతల విలియమ్' అని చెప్పుకోవడానికి కుర్రవాళ్లకు సిగ్గేసింది. ఒట్టి పేర్లు రాయించి వచ్చారు.

ఆ అయిదిళ్లలో లవ్‌డే ముందుగా వలల తమ్సిన్ తలుపు తట్టింది.

తమ్సిన్ చేపలు ఉప్పులో పేరుస్తోంది. కవరు చూడగానే చేతులు గౌనుకు తుడుచుకుంది.

"మావాడేనా వదినా?"

"ఎవరో రాయలేదే. నువ్వే చింపి చూడు."

లోపల పొట్టి కాగితం. సిపాయి డబ్ల్యు. పెంబర్రో. కింద సైన్యం ఇచ్చిన నంబరు. ఆ కింద, యుద్ధంలో చనిపోయాడని ఒక్క ముక్క. తమ్సిన్ నంబరు పైకి చదివింది. "రెండు, నాలుగు, ఏడు, ఒకటి, ఆరు." చదివి గోడకు చేరగిలబడింది.

"మావాడిది చివర సున్నా. మావాడు కాదు వదినా."

లవ్‌డే కదల్లేదు. "అంకెలు గుర్తుండవని నువ్వే అంటావుగా. వాడి ఉత్తరం తెచ్చి పక్కన పెట్టి చూడు."

తమ్సిన్ తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. కాదు. సంతోషం ఎక్కడ బయటపడుతుందోనని వెంటనే తలుపు వేసుకుంది.

మెట్ల హానర్ కాగితం ముట్టుకోనే లేదు. "నంబరు చెప్పు, చాలు" అంది కళ్లు మూసుకుని.

లవ్‌డే కాగితం మడత విప్పకుండానే చెప్పింది.

"కాదు. మావాడిది కాదు."

"ఆఫీసుల్లో ఒక్కోసారి అంకెలు తప్పు రాస్తారు హానర్."

హానర్ కళ్లు తెరిచింది. "ఏంటే నువ్వు? మావాడే కావాలన్నట్టు మాట్లాడతావు?"

"అది కాదు. ఎవరో ఒకరికి ఇవ్వాలి కదా" అంది లవ్‌డే తల దించుకుని.

మూడో ఇంటి గ్రేస్ అయితే విసుక్కుంది. "నిన్న ఉత్తరం తెచ్చిచ్చింది నువ్వే కదే! కాలికి కట్టుతో ఆసుపత్రిలో ఉన్నాడని చదివి వినిపించిందీ నువ్వే. మళ్లీ ఇదేం అడగడం?"

నిజమే. లవ్‌డే కాగితం ముందుకు చాపింది. "ఊరికే, ఒకసారి నంబరు చూస్తావేమోనని" అంది.

గ్రేస్ చూసింది. అదీ కాదు.

పీతల కెజయా ఇల్లు కొండ మీద. దగ్గరి దారి ఉండగా లవ్‌డే రేవు చుట్టూ తిరిగి వెళ్లింది. కాళ్లు ఈడ్చుకుంటూ ఎక్కింది. ముసలమ్మకు చదువు రాదు. ఒక్కగానొక్క మనవడు వెళ్లేముందు తన నంబరును ద్వారబంధం మీద కత్తితో చెక్కిపోయాడు. లవ్‌డే ఒక్కో అంకె చెబుతుంటే కెజయా ఒక్కో గాటూ వేలితో తడిమింది. మూడో అంకె దగ్గర వేలు ఆగిపోయింది.

"నువ్వు చెప్పింది ఏడు కదమ్మా? ఇది ఏడు కాదు. ఇది గుండ్రంగా ఉంది."

లవ్‌డే కూడా ఆ గాటును వేలితో తడిమింది. మళ్లీ తడిమింది. ఇక చేసేదేం లేక చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎన్ని ఇళ్లు తిరిగావు?" అడిగింది ముసలమ్మ.

"మీతో నాలుగు."

కెజయా ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి శాలువా కప్పుకుని వచ్చింది.

"ఇక మిగిలింది ఒక్క గుమ్మమే కదమ్మా. పద, నేను తోడొస్తాను."

వద్దు పెద్దమ్మా అనబోయింది లవ్‌డే. అనకుండానే కవరు సంచిలో పెట్టుకుని గుమ్మం దిగింది.

తమ్సిన్ నంబరు చదివినప్పుడే లవ్‌డేకి తెలుసు. పోయిన చలికాలం తన కొడుకు విలియమ్ మేజోళ్ల అంచున ఎర్ర దారంతో ఆ అయిదంకెలూ కుట్టింది తనే.