వాన వాటా

"ఇప్పుడు తొయ్యండి, మామ్మగారూ," అన్నాడు మేస్త్రీ.

తలుపు కదల్లేదు.

"ఇంకా పట్టేస్తోంది నాయనా," అన్నారు మామ్మగారు అవతలి నుంచి. "నీ తలుపుకి నా మీద బొత్తిగా జాలి లేదు."

మేస్త్రీ మళ్లీ చిత్రిక అందుకున్నాడు. అంచు వెంట ఒక్క ఊపు. సన్నని చెక్క చుట్ట నేల మీద పడింది. వానలు దగ్గరపడ్డాయి. ఈలోపు ఈ తలుపు, ఎనభై ఏళ్ల మనిషి లోపలి నుంచి ఒంటి చేత్తో తోస్తే తెరుచుకోవాలి. అతనికి కావలసింది అంతే.

చుట్టుపక్కల అతన్ని వెంట్రుక మేస్త్రీ అంటారు. అతను పూడ్చిన సందులో వెంట్రుక కూడా దూరదని.

మూడేళ్ల కిందట నడివేసవిలో మామ్మగారు కబురు పెట్టారు. ఆవిడ ఒక్కరే ఉండే గది. తలుపు పలకలు ఎండకు విడిపోయి మధ్యలో పెన్సిలు దూరేంత సందులు పడ్డాయి.

"దుమ్ము సంగతి సరే," అన్నారు ఆవిడ ఆ రోజు, "పక్కింటివాళ్ల పోట్లాటలన్నీ నేరుగా నా మంచం మీదికే వచ్చి పడుతున్నాయి."

మేస్త్రీ ప్రతి సందులో జిగురు పూసిన సన్నని బద్ద దిగ్గొట్టాడు. పగుళ్లలో రంపపు పొట్టు, జిగురు కలిపిన ముద్ద కూరాడు. తలుపుకీ చట్రానికీ మధ్యనున్న ఖాళీని కూడా పట్టీ వేసి మూసేశాడు.

లెక్క తప్పింది అక్కడే. కర్రతో వ్యవహారం పెట్టుకున్నవాడు వేసవిలో కాస్త ఖాళీ వదలాలి. అది వాన వాటా. కర్ర నీళ్లు తాగి ఉబ్బినప్పుడు ఆ ఖాళీలోకి సర్దుకుంటుంది. మేస్త్రీకి తెలియక కాదు. అంత ఖాళీ వదిలితే వెంట్రుక మేస్త్రీ అన్న పేరు ఏం కాను?

వానాకాలం వచ్చి తన వాటా అడిగింది. ఖాళీ లేదు. తలుపు చట్రంలో బిగుసుకుపోయింది.

అప్పటి నుంచీ అతను ఈ తలుపు చెక్కుతూనే ఉన్నాడు.

"రోజూ కూర్చుంటావు, రోజూ గీకుతావు," అన్నారు మామ్మగారు. "తలుపు అరిగిపోయాక నన్ను చెక్కుతావా ఏంటి?"

"మీరు కాస్త బలంగా తోస్తే కదా."

"బలమా? చెంబెత్తితేనే చెయ్యి వణికే దాన్ని. ఆ మాట నీకు ముందే చెప్పానా లేదా?"

"చెప్పారు," అన్నాడు మేస్త్రీ.

అతని భార్య టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. తలుపు వంక చూసింది. చట్రానికీ తలుపుకీ మధ్య ఇప్పుడు రెండు వేళ్లు దూరుతున్నాయి.

"కిటికీల పని చెప్పినవాళ్లు పొద్దున మళ్లీ వచ్చారు. నువ్వు రాకపోతే పక్క వీధి మేస్త్రీకి ఇచ్చేస్తారట."

"ఇచ్చుకోనీ."

"ఇంకెంత చెక్కుతావయ్యా? ఇలాగే పోతే చివరికి గొళ్లెం ఒక్కటే మిగులుతుంది."

"తెరుచుకోవాలిగా."

ఆమె అతని భుజం మీది పొట్టు దులిపి వెళ్లిపోయింది. టీ మీద మీగడ కట్టింది. అతను ముట్టుకోలేదు.

పైన రేకుల మీద చినుకు పడింది. ఒకటి. కాసేపటికి నాలుగు. తర్వాత లెక్క అందలేదు.

మేస్త్రీ చేతులు తొందరపడ్డాయి. పక్క అంచు, పై అంచు, కింది అంచు. చెక్క చుట్టలు అతని పాదాలను కప్పేశాయి. వేలికి చిత్రిక పదును తగిలి నెత్తురు వస్తున్నా చూసుకోలేదు.

"మామ్మగారూ, వాన మొదలైంది. ఇప్పుడు తొయ్యండి. మీకున్న బలమంతా పెట్టి తొయ్యండి."

చెవి తలుపుకి ఆనించాడు.

"తోస్తూనే ఉన్నాను నాయనా." ఈసారి ఆవిడ గొంతులో పరిహాసం లేదు. "నీళ్లు నడుము దాకా వచ్చేశాయి."

మూడేళ్ల కిందటి వరదలో మామ్మగారిని ప్రాణాలతో బయటికి రానివ్వని ఆ తలుపును, చట్రంతో సహా అడిగి తెచ్చుకుని మేస్త్రీ బిగించింది తన షెడ్డులోని వట్టి ఇటుక గోడకు.