మూడో షరతు

"అయితే నన్ను బయటికి తోసేదానికే ఈ మూడో షరతు పెట్టినావన్నమాట మిస్," అంది రజియా బీ.

అరబ్బు దేశంలో, మంగఫ్‌లోని ఆ నర్సరీ బడిలో, అక్కడి మనిషే అయిన ఓనరు మేడం గదిలో అందరూ ఆమెవంకే చూశారు. కామేశ్వరి మాత్రం తడుముకోలేదు. ఈ మాట వస్తుందని ఆమెకు ముందే తెలుసు.

"నిన్నని కాదు రజియా బీ. పద్ధతంటూ ఒకటుండాలి కదా. రేపు తనిఖీకి వచ్చినవాళ్లు మీ సూపర్‌వైజర్ ఎవరంటే, ఆయా వీసా మీద వచ్చిన మనిషిని చూపిస్తామా?"

సంగతేమిటంటే ఆ నర్సరీలో కొత్తగా ఒక హోదా పుట్టబోతోంది. శిశువిద్యా సూపర్‌వైజర్. చంటిపిల్లలకు చెప్పే టీచర్లందరి మీదా, ఆ విద్య తెలిసిన మనిషి ఒకరుండాలని మేడం తలపెట్టింది. లేని పోస్టు కాబట్టి దానికి ఎవరు తగుదురో చెప్పే షరతులూ లేవు. అవి రాసే పని, పద్నాలుగేళ్లుగా అక్కడే పాఠాలు చెబుతున్న కామేశ్వరికి అప్పగించింది. తన కొలతకు తనే చొక్కా కుట్టుకునే అదృష్టం ఎంతమందికి పడుతుంది?

మొదటి షరతు, పదేళ్ల అనుభవం. రెండోది, శిశువిద్యలో డిప్లొమా. ఆ రెండూ చాలు. కానీ రజియా బీ ఉందే! రాయచోటి నుంచి ఆయాగా వచ్చిన మనిషి, కామేశ్వరి కంటే సీనియర్. డైపర్లు మారుస్తూనే పిల్లలకు అరబ్బీలో పాటలూ అంకెలూ నేర్పేస్తుంది. నిరుడు దూరవిద్యలో ఆ డిప్లొమా కూడా పాసై కూర్చుంది. పొద్దున్నే తల్లులు గేటు దగ్గర పిల్లల్ని దించి వెతికేది కామేశ్వరిని కాదు, ఆమెనే. ఇద్దరూ అర్హులైతే తల్లుల్నే అడుగుతానని మేడం అంది. అదిగో, అక్కడ పుట్టింది మూడో షరతు. వర్క్ పర్మిట్‌లో వృత్తి 'టీచర్' అని ఉండాలి.

తప్పని తెలియక కాదు. కామేశ్వరి భర్త విజయభాస్కర్ షుఐబా రిఫైనరీలో ఇంజనీరు. శుక్రవారం విందులకు వచ్చే ఆడవాళ్లలో ఒకరు డాక్టరు, ఇంకొకరు ఐటీ. "నర్సరీ అంటే ముక్కులు తుడవడమేగా" అని వాళ్లు నవ్వుతారు. విజయభాస్కర్ కూడా వాళ్లతో కలిసి నవ్వుతాడు. ఆ నవ్వు ఆమెకు పద్నాలుగేళ్లుగా మానని పుండు. మెడలో కార్డు మీద సూపర్‌వైజర్ అన్న మాట పడితే ఆ నోళ్లన్నీ మూతపడతాయి. దానికోసం ఎవరినైనా కాస్త పక్కకు నెట్టక తప్పదనుకుంది.

"నాకు సదువు లేదంటే నోరు మూసుకోని పడుంటా," అంది రజియా బీ మెల్లగా. "ఈ వయసులో కూసోని సదివి పరీచ్చలు రాసినా గదా మిస్. ఆ కాగితంలో యేం రాసినారో దాంతో పిల్లోళ్లకేం పని?"

కామేశ్వరి షరతుల కాగితాన్ని మేడం ముందుకు జరిపింది.

మేడం కాసేపు నసిగింది. ఈ షరతు అవసరమా అని ఇంగ్లీషులో అడిగింది. ప్రమాణాలు సడలిస్తే మన మూడు బ్రాంచీలకీ చెడ్డపేరు వస్తుందని కామేశ్వరి గట్టిగా చెప్పింది. మేడం మనసు మారకముందే ముద్ర పడాలని ఆమె తొందర. చివరికి ముద్ర పడింది. కామేశ్వరే ఫోనుతో ఫొటో తీసి మూడు బ్రాంచీల గ్రూపులోనూ పెట్టేసింది. ఇక వెనక్కి తీసుకునే వీల్లేదు.

"నువ్వేం దిగులు పడకు. నా కింద అసిస్టెంటుగా వేయించుకుంటాలే," అని రజియా బీ భుజం తట్టింది కూడా.

ఇక పర్మిట్లు చూసి సంతకం పెట్టడమే మిగిలింది. అవేవీ ఎవరి చేతికీ ఇవ్వరు. సర్కారు కాగితాలన్నీ చూసే మందూబ్ చాంద్ బాషా బీరువాలోనే ఉంటాయి. అతను రెండు కాగితాలు పట్టుకొచ్చి, మొదటిది చదివి, ఇంకోసారి చదివి, బుర్ర గోక్కున్నాడు.

"రజియక్కది టీచరనే ఉండాది మిస్."

అదే మాట మేడంకు అరబ్బీలో చెప్పాడు. అదెలాగని మేడం అడిగితే అతను నసుగుతూ చెప్పాడు. మేడం వాళ్ల నాన్న నర్సరీ నడిపే రోజుల్లో మనిషి చేసే పనిని చూసి వీసా తీసేవాళ్లు కాదట. లైసెన్సులో ఏ పనికి ఖాళీ ఉంటే దాంట్లో వేసేసేవారట.

పోనీలే, ఇద్దరం అర్హులమే అన్నమాట, అని కామేశ్వరి తనకు తాను సర్దిచెప్పుకుంది. తల్లుల్ని అడిగితే అడగనీ. డిగ్రీ ఉన్నది తనకే కదా.

చాంద్ బాషా రెండో కాగితాన్ని చదవకుండా బల్ల మీద పెట్టి, తల వంచుకుని తప్పుకున్నాడు. మేడం దాన్ని చూసి, కామేశ్వరివంక చూసి, కిటికీవైపు తిరిగింది. కామేశ్వరికి నాలుగు అరబ్బీ మాటలు పలకడం వచ్చుగానీ చదవడం రాదు. పద్నాలుగేళ్ల కిందట వాళ్లు చూపించినచోట సంతకం పెట్టింది, అంతే. ఖురాన్ చదివిన అలవాటున్న రజియా బీ ఆ కాగితం మీదికి వంగి చూసింది. చూసి గబుక్కున తిరగేసి పెట్టింది.

"వద్దులే మిస్. ఈ షరతు కొట్టేయమని మేడంకు నేను చెప్తాలే."

"ముద్ర పడిపోయింది కదా. ఏముందో పైకి చదువు," అంది కామేశ్వరి, ఆయాకు పని పురమాయించే గొంతుతోనే.

రజియా బీ కాగితం మళ్లీ తిప్పింది.

"'బాత్రూములు కడిగే పనిమనిషి' అనుండాది మిస్."