ఉన్నది ఉన్నట్టు

"గుర్తు తెలియని వ్యక్తి," అంది కళ్లజోడు.

సెక్రటరీ గారి భార్య ఖాళీ చెత్తబుట్టను కింద పెట్టి, వాచ్‌మన్ వైపు గుర్రుగా చూసింది. "ఏమయ్యా, నేనెవరో నీకు తెలీదా?"

"నాకెందుకు తెలీదమ్మా! పొద్దున నాకు టీ ఇచ్చింది మీరే కదా. కానీ నాకు తెలిసి ఏం లాభం? దీనికి తెలియాలి," అంటూ వాచ్‌మన్ తన ముక్కు మీద ఉన్న కొత్త కళ్లజోడును వేలితో తట్టాడు.

ఆ పొద్దునే వచ్చిందది. అపార్ట్‌మెంట్లో వాళ్ల ఫోటోలన్నీ దాని కడుపులో ఉన్నాయి. బయటికి పోయేవాళ్ల జోలికి పోదు. లోపలికి వచ్చేవాళ్ల మొహం గుర్తుపడితే మాత్రం ఫ్లాటు నంబరు, మనిషెవరన్నదీ పైకి చదివి, గేటు తాళం అదే తీస్తుంది. గుర్తుపట్టకపోతే బ్రహ్మదేవుడు దిగి వచ్చినా తీయదు. వాచ్‌మన్ మొహమాటపడి ప్రతివాణ్ణీ లోపలికి పంపేస్తున్నాడని, పాత తాళం చెవులు సెక్రటరీ గారు పట్టుకుపోయి తన బీరువాలో పెట్టుకున్నారు.

"పొయ్యి మీద పాలున్నాయయ్యా! చెత్త పారేసి వద్దామని ఇలా దిగాను. ఫోను కూడా పైనే ఉంది!"

"అయ్యో! ఒకసారి నవ్వి చూడండమ్మా. ఫోటోలో నవ్వుతున్నారేమో."

పాలు పొంగుతుంటే నవ్వడమంటే మాటలా? అయినా నవ్వింది.

"గుర్తు తెలియని వ్యక్తి."

"కళ్లు కొంచెం పెద్దవి చేయండి. ఇంకొంచెం... ఇంకా..."

"ఇంకా చేస్తే ఊడి నీ చేతిలో పడతాయి!"

అంతలో సెక్రటరీ గారు బిస్కెట్ల సంచీతో వచ్చారు. సాయంత్రం మీటింగుంది. కళ్లజోడు ఉండాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది. "నేనెప్పుడొచ్చానో ఎప్పుడు పోయానో వీధంతా చాటింపు వేయడానికి ఇదెవరు? నా మొహం నా సొంతం," అని పై అంతస్తు లాయరు గారు వారం నుంచి గొడవ చేస్తున్నారు. ఆయన నోరు మూయించి తీరతానని సెక్రటరీ గారి పట్టుదల.

భార్య గబగబా సంగతి చెప్పింది. "మన అంతస్తులో అంతా ఆఫీసులకి పోయారు. ఆ లాయరు గారికి ఫోన్ చేసి, కిందికొచ్చి లోపలి నుంచి గేటు తీయమనండి. పాలు మాడిపోతున్నాయి!"

"ఆయనకా? గిన్నె మాడినా ఫరవాలేదు. సాయంత్రం నలుగురి ముందు నన్ను ఉతికి ఆరేస్తాడు." ఆయన గొంతు తగ్గించారు. "ముందిది చెప్పు, నువ్వే ఫోటో ఇచ్చావు?"

ఆవిడ నీళ్లు నమిలింది. "నా ఫోటోనే. కాకపోతే... అమ్మాయి ఫోన్లో ఏదో బటన్ ఉందిగా. అది నొక్కితే మచ్చలు పోతాయి, ముక్కు సన్నబడుతుంది, కళ్లు ఇంతింతవుతాయి. ఒక్కసారి నొక్కింది, అంతే."

"అంతేనా? ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి బాబూ అని లిఫ్టు దగ్గర నోటీసు అంటించాను. సెక్రటరీ పెళ్లానివి, నువ్వే ఇలా చేస్తే ఎలా? ఈ వయసులో సోకులేమిటే! నన్ను చూడు, ఉన్నది ఉన్నట్టు ఇచ్చాను."

వాచ్‌మన్ ముందు అంత మాట అనేసరికి ఆవిడకి ఏడుపొచ్చినంత పనయింది. ముసలిదాన్నని ఒప్పుకోవడానికి లేని సిగ్గు, పడుచుగా కనబడాలనుకున్నందుకు పడాల్సి వచ్చింది.

"అయితే మీరే నిలబడండి," అంది.

ఆయన సంచీ పక్కన పెట్టి, చొక్కా సర్దుకుని, బట్టతల నిమురుకుని, కళ్లజోడు ఎదుట ఠీవిగా నిలబడ్డారు.

"గుర్తు తెలియని వ్యక్తి."

"ఎండ!" అన్నారు సెక్రటరీ గారు వెంటనే. "ఎండకి కళ్లు చిట్లించాను. చెమట కూడా పట్టింది."

పైనుంచి మాడు వాసన మొదలైంది.

సరిగ్గా అప్పుడే పక్క వీధి బట్టల కొట్టు వాళ్లిద్దరు, షోకేసులో నిలబెట్టే నిలువెత్తు బొమ్మనొకదాన్ని మోసుకుంటూ వచ్చి, ఆయాసం తీర్చుకోవడానికి గేటు ముందు దించారు. బొమ్మకి ఇంకా బట్టల్లేవు, జుట్టూ పెట్టలేదు. నున్నటి గుండు, సన్నటి ముక్కు, చెంపల మీద మచ్చన్నది లేదు, కళ్లు మాత్రం చేటలంత.

"ఇక్కడ కాదు, పక్కకి పెట్టండి," అంటూ వాచ్‌మన్ బొమ్మ వైపు తిరిగాడు.

కళ్లజోడు అంచున పచ్చదీపం వెలిగింది.

"మూడు వందల రెండు. సెక్రటరీ గారి భార్య. స్వాగతం!"

గేటు బార్లా తెరుచుకుంది. బొమ్మ మోసుకొచ్చిన వాళ్లు కిసుక్కుమన్నారు. వాచ్‌మన్ నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. సెక్రటరీ గారు తల పట్టుకుని, "చూశావా! నా పరువు తీశావు కదే!" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోతూ, చెత్తబుట్ట అక్కడే వదిలేసి ఆవిడ లోపలికి పరుగెత్తింది. మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, వెనక కళ్లజోడు మళ్లీ కూసింది. ఆవిడ ఠక్కున ఆగిపోయింది. పాలూ గిన్నే గంగలో కలవనీ అనుకుని, నడుం మీద చెయ్యేసుకుని వెనక్కి తిరిగింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఇంకా ఆ బొమ్మ మొహంలోకే చూస్తున్నాడు. పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

"మూడు వందల రెండు," అంటోంది కళ్లజోడు, వీధంతా వినపడేలా. "సెక్రటరీ గారు. స్వాగతం!"