నాయిన ఏరుకున్నోడు

"మళ్ల మారిందట గద నీ పరీక్ష?" మందను దొడ్డిలోంచి బయటికి తోలుతూ ఎల్లేశం ఎకసెక్కంగా అడిగాడు.

బీకాం పాసైన తమ్ముడు గుర్వయ్య, బొంబాయిలో వ్యాపారం నేర్పే పెద్ద కాలేజీలో సీటు కోసం చదువుతున్నాడు. "మారిందే అన్నా. ఇదివరకు పుటలకు పుటలు రాయమనేటోళ్లు. ఇప్పుడు నాలుగు జవాబులిచ్చి, ఒకటి ఏరుకోమంటున్నరు."

"ఏరుడేం పెద్ద పని? నాయిన ఏరలేదా? నిన్నేమో బడికి తోలిండు, నన్ను గొర్రెల ఎంబడి తోలిండు. సల్లగ నీడకు కూసొని చదువుకో, నీకేం ఫికరు?" అన్నాడు ఎల్లేశం. మూడో తరగతిలో బడి మాన్పించిన నాటి మంట అతని కడుపులో ఇంకా ఆరలేదు.

గుర్వయ్య పుస్తకం మూశాడు. "నాయిన ఏరుకున్నది నిన్నే అన్నా. మంద ఎంబడి నడవలేని గొర్రెపిల్లను ఇంటికాడ కట్టేస్తం సూడు, గట్ల నన్ను బడిల కట్టేసిండు. 'వీడు గొర్రెలకు పనికిరాడు' అని నలుగుర్ల అన్నడు. గా కర్ర నీ చేతిల సూసినప్పుడల్ల నాకెంత కుళ్లో నీకెర్కనా?"

ఎల్లేశం చేతిలోని కర్ర చాచి, "ఇగో, ఇయ్యాల నువ్వు తోలు," అన్నాడు.

గుర్వయ్య గబుక్కున లేచి కర్ర అందుకుని అదిలించాడు. ఒక్క గొర్రె కదల్లేదు. అన్నీ తలలెత్తి ఎల్లేశం దిక్కే చూశాయి.

తమ్ముడి ముఖం చిన్నబోయింది. ఆ పుస్తకాలను చూసినప్పుడల్లా తన ముఖమూ ఇట్లాగే ఉండేదేమోనని ఎల్లేశానికి తోచింది. గొర్రెలకు కనబడకుండా తడిక చాటుకు పోయి నిలబడ్డాడు.