మైలున్నర చదును దారి

పటాన్‌చెరు నుంచి జోగిపేట దాకా వీర్రాజును మించి పరిగెత్తేవాడు పుట్టలేదు.

ఇది డెబ్భై రెండో సంవత్సరం మాట. వీర్రాజు తాడేపల్లిగూడెం నుంచి వచ్చి పటాన్‌చెరు అవతల ఒక కార్ఖానాలో ఫిట్టరుగా చేరాడు. కార్ఖానావాళ్లు కాలనీ వెనక చిన్న జూ పెట్టారు. అందులో మైలున్నర దారి, అరచేతిలా చదును. ఒక పక్క చెరువు, కొంగలు. ఇంకో పక్క జింకలు, నెమళ్లు, బోనులో ఒక చిరుత. పొద్దున్నే అక్కడ పరిగెడితే ప్రాణం లేచివచ్చేది.

జూ తెరిచేది తొమ్మిదింటికి. జంతువులను చూసే చిన్నరాములు అతని కోసం ఆరింటికే గేటు తీసేవాడు. పైవాళ్లకు తెలిస్తే ఉద్యోగం ఊడేది.

"ఏంది సార్, ఎవరు తరుముతున్నరని గట్ల ఉరుకుతున్నవ్?"

"ఎవడూ తరమకుండా పరిగెత్తడమేనయ్యా గొప్ప."

"గట్లనా. నిన్ను ఓడగొట్టినోడు ఉన్నడా మరి?"

ఉన్నాడో లేడో వీర్రాజుకే తెలియదు. పైన నేను చెప్పిన గొప్ప ఉత్తదే. అతను పందెం వేసింది జింకలతో. అవేమో కంచె అవతల నిలబడి గడ్డి మేసేవి.

జూల పద్ధతి ప్రకారం వారానికోసారి, శుక్రవారం, చిరుతకు పస్తు. మిగతా రోజుల్లో చిన్నరాములు మాంసం బకెట్టు మోగించగానే అది లోపలి గదిలోకి దూకేది. అతను మధ్య తలుపు దించి బయటి గది కడిగేవాడు. పస్తునాడు కడగడం ఉండదు.

ఆ శుక్రవారం ఎవరో పెద్దాఫీసరు వస్తున్నాడని కడగమన్నారు. చిన్నరాములు ఖాళీ బకెట్టు మోగించాడు. అలవాటుకొద్దీ మధ్య తలుపు దించి బోను తెరిచాడు. చిరుత మోసపోలేదు. బయటి గదిలోనే, పైన చెక్కబల్ల మీద పడుకుని ఉంది.

"ఉరుకు సార్, ఉరుకు."

దారి మీదున్న వీర్రాజు తిరిగి చూశాడు. చీపురు పారేసి చిన్నరాములు వస్తున్నాడు. అతని వెనక పసుపుపచ్చగా ఏదో నేలబారుగా వస్తోంది. గేటు రెండు వందల గజాల దూరం. వీర్రాజు పుట్టి బుద్ధెరిగి అలా పరిగెత్తలేదు.

గేటు దాటాడు. చిన్నరాములు ఇంకా ఇరవై అడుగుల వెనక ఉన్నాడు. సరిగ్గా అప్పుడు చెరువు మీంచి గాలి విసిరి కొట్టింది. ఇనుప గేటు ధడాలున మూసుకుంది. బయటి గడియ పడిపోయింది.

"తియ్యి సార్. జెర తియ్యి."

వీర్రాజు గడియ మీద చెయ్యి వేశాడు. కమ్మీల సందులోంచి చిన్నరాములు వేళ్లు ఆ చేతిని పట్టుకున్నాయి. కాసేపటికి వదిలేశాయి.

మూడోరోజు చిన్నరాములు భార్య రాజవ్వ కాలనీకి వచ్చింది. గేటు దానంతటదే పడిందని వీర్రాజు తల వంచుకుని చెప్పాడు.

"నీ తప్పేముందన్నా," అందామె. "ఇనుముకు మనిషి గోస తెలుస్తదా."

ఇందులో నేను కల్పించింది గాలి ఒక్కటే. ఆ పొద్దున చెట్ల మీద ఆకైనా కదల్లేదు.