ఈల వేసే పెట్టె

మిలమిలా మెరిసే ఆ పెట్టెలో ఈల తప్ప ఇంకేమీ లేదన్న సంగతి అది తయారైన రోజున ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు కార్ల మేస్త్రీ, రెండోవారు మేస్త్రీ భార్య.

స్పోర్ట్స్ కారు ఇంజన్‌లోకి మామూలుకన్నా ఎక్కువ గాలిని బలవంతంగా తోసి, దాని బలం పెంచే యంత్రాన్ని సూపర్‌చార్జర్ అంటారు. అసలైనది కొనాలంటే తాతలు దిగిరావాలి. మేస్త్రీకి అంత ఓపిక లేదు. ఒక అల్యూమినియం డబ్బా చేయించి, లోపల చిన్న ఫ్యాను పెట్టి, పైన ఎవరికీ అర్థంకాని భాషలో స్టిక్కరు అంటించాడు. యాక్సిలరేటర్ తొక్కితే చాలు, ఆ డబ్బా చెవులు చిల్లులు పడేలా ఈల వేస్తుంది. స్పీడోమీటర్ ముల్లు కూడా కాస్త ఉదారంగా తిరిగేలా సర్దాడు. కారు ఎనభైలో పోతుంటే ముల్లు నూటముప్పై చూపిస్తుంది. ఇంజన్‌కు కొత్త బలం రాలేదు సరికదా, డబ్బా గాలిదారికి అడ్డం పడి ఉన్న బలమే కొంత తగ్గింది.

మొదట దొరికిన బకరా ఎర్రకారు సారు. ఆయన పేరేమిటో మేస్త్రీ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నెరిసిన జుట్టు, నిద్ర చాలని కళ్ళు. ఈ వయసులో ఈ సరదా ఏమిటా అనిపించింది గానీ, మేక తనంతట తానే వచ్చి తల వంచితే కసాయివాడు జాతకం అడుగుతాడా?

పెట్టె బిగించిన మర్నాడు ఎర్రకారు విసురుగా వచ్చి షెడ్డు ముందు ఆగింది. సారు మొహం కందగడ్డలా ఉంది. మేస్త్రీ పారిపోయే దారి వెతుక్కున్నాడు. సారు అతణ్ణి ఎగాదిగా చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. కాసేపు రోడ్డు మీద దూసుకుపోతున్న కుర్రాళ్ళ కార్లకేసి చూశాడు. చివరికి మేస్త్రీ భుజం తట్టి, "ఇంజనా అది? తుఫానయ్యా, తుఫాను!" అన్నాడు.

అంతటితో ఊరుకున్నాడా? కాంట్రాక్టరు కొడుకునీ, నగల కొట్టు యజమాని మేనల్లుణ్ణీ, చేతిలో స్పోర్ట్స్ కారు ఉండి కాలు నిలవని ప్రతి కుర్రాణ్ణీ దగ్గరుండి మరీ తీసుకొచ్చాడు. అందరికీ అదే ఈల. వాళ్ళలో వాళ్ళు పందేలు వేసుకున్నా, అందరి ముళ్ళూ ఒకే అబద్ధం చెప్పేవి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఈలలు వినబడగానే జనం ముందే పక్కకు తప్పుకునేవారు.

రోజులు గడిచేకొద్దీ సారు మొహం కూడా తేటపడింది. ఆయనకు వేగం ఒంటికి పట్టిందనుకున్నాడు మేస్త్రీ.

భార్య మాత్రం సణుగుతూనే ఉంది.

"ఏమయ్యా, నీళ్ళు కలిపిన పాలు అమ్మేవాడికైనా కాసిని పాలు ఖర్చు. నువ్వు ఉత్త గాలి అమ్ముతున్నావు. ఏదో రోజు ఆ గాలే నిన్ను ఎత్తుకెళ్ళి జైల్లో పడేస్తుంది."

"గాలి కాదే పిచ్చిదానా, ఆనందం అమ్ముతున్నాను."

"అలాగా! జైలు కూట్లో ఆ ఆనందమే నంజుకో."

ఆవిడ నోటి మాట ఊరికే పోలేదు. ఒక ఉదయం కాంట్రాక్టరు కొడుకు ఈల వేసుకుంటూ దిగాడు.

"అన్నా, వచ్చే ఆదివారం మా బావతో పందెం. ఆయన సూపర్‌చార్జర్ ఫారిన్ నుంచి ఓడలో దిగిందట. మనది నీ చేతి సరుకు కదా, సై అనేశాను."

"బావతో పందెమెందుకు బాబూ? అక్కయ్య బాధపడుతుంది."

"బాధా? మా ఇద్దరినీ రెచ్చగొట్టిందే అక్క! ఓడిపోయానో, నీ షెడ్డు మీదుగానే ఇంటికెళ్తాను. చూసుకో మరి."

ఆ పూట మేస్త్రీకి ముద్ద దిగలేదు. నిజం చెబితే జైలు, దాస్తే ఒళ్ళు హూనం. సంగతి విన్న భార్య దెప్పలేదు. లోపలికి వెళ్ళి, తను కూడబెట్టుకున్నదంతా తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఒక్కటంటే ఒక్కటి అసలైంది కొను. ఆ అబ్బాయితో మొదలుపెట్టి మెల్లగా అందరికీ మార్చేద్దాం. మన పిల్ల ముందైనా తలెత్తుకుని తిరుగుతావు."

అసలైన సూపర్‌చార్జర్ వచ్చింది. కాంట్రాక్టరు కొడుకు కారు బానెట్ ఎత్తి, ఈలపెట్టె ఊడదీసి, మేస్త్రీ చాలాకాలం తర్వాత నిజాయితీగా స్పానర్ పట్టుకున్నాడు. చేతికి కొత్తగా అనిపించింది.

సరిగ్గా అప్పుడే ఎర్రకారు సారు ఆయిల్ మార్పించుకోవడానికి వచ్చాడు. బల్లమీద ఉన్న కొత్త యంత్రాన్ని చూడగానే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఏమిటది?"

ఇక దాచి లాభం లేదని మేస్త్రీ చేతులు జోడించాడు.

"అసలైన సూపర్‌చార్జర్ సార్. మీకు పెట్టింది ఉత్త ఈలపెట్టె. అందరికీ అంతే. ఈ దొంగ బతుకు ఇక వద్దు. ఒక్కొక్కరికీ అసలుది బిగించి పాపం కడుక్కుంటాను. పోలీసులకు మాత్రం చెప్పకండి."

సారు పాత టైరు మీద కూలబడ్డాడు.

"మొదటి రోజే విప్పి చూశాను. మర్నాడు వచ్చింది నీ చొక్కా పట్టుకోవడానికే."

మేస్త్రీ జోడించిన చేతులు దించాడు.

"మరి... ఇంతమందిని మీరే కదా సార్ తీసుకొచ్చారు?"

"ఇంకా తీసుకొస్తాను. ముందు దాన్ని తీసుకెళ్ళి వెనక్కిచ్చెయ్."

"పందెం సార్! ఆ అబ్బాయి ఓడిపోతాడు!"

"ఓడిపోనీ. ఓడినవాడు తన కాళ్ళతో ఇంటికెళ్తాడు."

"నా ఎముకలు విరగ్గొడతాడు సార్!"

"విరగ్గొడితే నేను అతికిస్తాలే. పెద్దాసుపత్రిలో యాక్సిడెంట్ వార్డు నాదే. నీ ఈలలు మొదలయ్యాక అక్కడ కుర్రాళ్ళ మంచాలు ఖాళీగా ఉంటున్నాయి," అంటూ సారు జేబులోంచి ఫోన్ తీశాడు. "ఆ అసలైనది ఒక్క కారుకి బిగించావో, అప్పుడు పిలుస్తాను పోలీసుల్ని!"