వేడెక్కితేగానీ పట్టవు

కారు లిఫ్టు మీద ఉంది. విప్పిన నాలుగు చక్రాలూ గోడకి ఆనించి ఉన్నాయి. కారుకి ఆ పక్క బావ, ఈ పక్క బావమరిది. మధ్యలో మెకానిక్.

“బ్రేకులకి రేసు ట్రాక్ ప్యాడ్లే వెయ్యి మేస్త్రీ,” అన్నాడు బావమరిది.

“రోడ్డు ప్యాడ్లే వేస్తావని అతనికి చెప్పు,” అన్నాడు బావ, గోడకేసి చూస్తూ.

ఇద్దరూ నేరుగా మాట్లాడుకోరని మెకానిక్‌కి అప్పటికే అర్థమైంది. కలిసిమెలిసి తిరిగిన రోజుల్లో ఉమ్మడిగా కొనుక్కున్న కారట. తర్వాత ఎప్పుడో ఓ మాట జారింది. ఎవరి నోట జారిందన్నది ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంది. మాటలు పోయాయి, కారు మాత్రం ఉమ్మడిగా మిగిలింది. వారమంతా ఊళ్లో ఒకరు నడుపుతారు. ఆదివారం రేసు ట్రాక్ మీద ఇంకొకరు తిప్పుతారు. తాళంచెవి గుమ్మం పక్క మేకుకి తగిలించి పోతారే తప్ప చేతికివ్వరు. వీళ్ల గొడవ పడలేక పాత షెడ్డువాడు ఇద్దర్నీ కలిపి గెంటేశాడు. అలా ఇవాళ ఇతని నెత్తిన పడ్డారు.

బావది ఇస్త్రీ చొక్కా. గ్రీజు ఎక్కడ అంటుతుందోనని చేతులు వెనక్కి కట్టుకున్నాడు. బావమరిదికి చెవికి పోగుంది, నోటికి మాత్రం అడ్డు లేదు.

“నాలుగు రౌండ్లు తిరిగేసరికి డిస్కు కుంపటైపోతుంది మేస్త్రీ. ఆ వేడికి రోడ్డు ప్యాడ్ చేతులెత్తేస్తుంది. పెడల్ నేలకంటా తొక్కినా కారు ఆగదు. పాపం బ్రేకు పడలేదు కదా అని మలుపులో గోడేమైనా పక్కకి జరుగుతుందా?”

బావ నవ్వాడు. ఆ నవ్వుకి పెదాలు తప్ప ఇంకేం కదల్లేదు.

“ట్రాక్ ప్యాడ్ వేడెక్కితేగానీ పట్టదని అతనికి చెప్పు. పొద్దున్నే చల్లటి బ్రేకు. వెనక సీట్లో పిల్లలు. సందు మలుపులో ఎవడో సైకిలేసుకుని అడ్డొస్తాడు. ‘కాస్త ఆగు నాయనా, ప్యాడ్ ఇంకా వేడెక్కలేదు’ అని బతిమాలుకోవాలా వాణ్ణి?”

“చూశావా మేస్త్రీ, వెటకారం!”

“వెటకారం కాదు, బుద్ధి. కొందరికి అది ఏ వేడికీ ఎక్కదు.”

“బుద్ధుల గురించి మా బావగారే చెప్పాలి! పెళ్లయినప్పట్నుంచీ ఆ పాఠాలు వినీ వినీ మా అక్కకి చెవులు తూట్లు పడ్డాయి.”

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “రెండింటికీ పనికొచ్చే రకం ఒకటుంది. చల్లగా ఉన్నప్పుడూ కొంత పడుతుంది. వేడికీ కొంత ఓర్చుకుంటుంది. కాస్త కూత పెడుతుంది, చక్రాల నిండా నల్లదుమ్ము కక్కుతుంది. అంతే.”

“కొంతా?” ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఒకే మాట అన్నందుకు ఇద్దరికీ మళ్లీ కోపమొచ్చింది.

“కొంత ఆగితే కొంత బతుకుతారా?” అన్నాడు బావమరిది.

వారం వారం మార్చుకోమందామంటే అదీ కుదరదు. ఒక రకం ప్యాడ్ డిస్కుకి పూసిన పొర మీద ఇంకో రకం సరిగ్గా పట్టదు.

“ట్రాకే మానేస్తే పోయె కదా!” అన్నాడు మెకానిక్ విసుగ్గా.

“ఆ పిచ్చి పట్టినవాళ్లు మానేస్తారా ఎక్కడైనా? మానరు. అందుకే ట్రాక్ ప్యాడ్లు వెయ్యమంటున్నా. రేపు గోడకి కొట్టుకుని మనిషి పోతే, మా అక్క ముందు ఎవరు నిలబడతారు?”

“పోయేవాడు సరదాకి పోతాడు,” అన్నాడు బావ. “మిగిలినవాళ్లేం పాపం చేశారు?”

“ఎంత తేలిగ్గా అనేశాడో చూడు! అసలు మనిషివేనా నువ్వు?”

‘నువ్వు’ అన్న మాట కారు దాటి నేరుగా బావకి తగిలింది. ఆయనా నేరుగానే తిరిగాడు.

“నోరు మూసుకో! పిల్లలెక్కే కారుకి ఆ ప్యాడ్లు వేశారంటే ఈ షెడ్డుకి నిప్పు పెడతా.”

“రోడ్డు ప్యాడ్లు వేస్తే నేను పెడతా!”

మెకానిక్ చేతిలోని పానా నేలకేసి కొట్టాడు.

“తగలబెట్టడానికి నా షెడ్డే దొరికిందా మీ ఇద్దరికీ? వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా. ఎవరి ప్రాణం వాళ్లకి తీపి. ఎదుటివాడు గంగలో దూకినా పట్టదు. ఇలాంటి బావాబావమరుదుల్ని నా జన్మలో చూళ్లేదు!”

ఇద్దరూ ఏదో అనబోయారు.

మెకానిక్ ఇక ఎవర్నీ అడగలేదు. రోడ్డు ప్యాడ్ల పెట్టె తెచ్చి చింపాడు. ఒక్కో చక్రం దగ్గరా ప్యాడ్లు దూర్చి, బోల్టులు బిగించుకుంటూ పోయాడు.

బావ తల ఊపాడు. అది గెలిచినవాడి మొహంలా లేదు. పని అయిందని ఊరట పడ్డవాడి మొహంలా ఉంది.

బావమరిది ఆఖరి చక్రం దగ్గర అడ్డంగా నిలబడ్డాడు. “వద్దు మేస్త్రీ. తీసెయ్.” చేతులు జోడించాడు. “దణ్ణం పెడతా, తీసెయ్.”

“తియ్యను. సరదాకి రేసులు తిరిగేవాడికంటే పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే మనిషి ముఖ్యం నాకు. అంత ప్రాణభయముంటే ఆదివారం పూట ముసుగుతన్ని ఇంట్లో పడుకో.”

బావమరిది బావ వైపు వేలెత్తి చూపించాడు.

“ఆ మాటేదో ఆయనకి చెప్పు మేస్త్రీ, ట్రాక్ మీద తిరిగేది ఆయన, పిల్లల్ని బడికి దింపేది నేను!”